వేసవిలో ఒలిచిన బెరడు

కెన్ము మొదటి సంవత్సరం, మూడో నెల, ఇరవై రెండు

ఈ ఏటికి హినోకి చెట్ల బెరడు ఒలిచే పని అయిపోయింది. తొనాయి మామ తాళ్ళు విప్పి రాళ్ళ మీద ఆరేశాడు. "ఇంక చెట్ల జోలికి ఎవరూ పోవద్దు. రసం ఎక్కుతోంది," అన్నాడు. ఏటా ఇదే మాట, ఇదే గొంతు. మామ ఏడాది పొడుగునా మాట్లాడే మాటల్లో సగం చెట్ల గురించే. మిగతా సగం నన్ను తిట్టడానికి.

కానీ ఈ ఏడు కొండ మాది.

రాయకుండా ఉండలేను, అందుకే మళ్ళీ రాస్తున్నాను. కొండ మాది. నేను చిన్నవాడిగా ఉన్నప్పుడు మా తాతల హినోకి తోపుని సైనిక దొర తనదన్నాడు. కాదన్నందుకు మా నాన్న నడుం విరగ్గొట్టించాడు. నాన్న మళ్ళీ చెట్టెక్కలేదు. మూలన పడుకుని పడుకునే పోయాడు. ఆ దొర, దొర పైనున్న దొర, కామకురాలో కూర్చుని దేశాన్ని మింగిన దొరలంతా కిందటేడు కూలారు. ఇప్పుడు చక్రవర్తి తానే ఏలుతున్నాడు. ఏటికి కెన్ము అని కొత్త పేరు కూడా పెట్టాడు. మేం అర్జీ పెట్టుకుంటే ఆయన పేరు మీద ఆజ్ఞాపత్రం వచ్చింది. దాన్ని ఊరందరికీ చదివి వినిపించింది నేనే. నాకు ఎవరూ అక్షరాలు నేర్పలేదు. దారుల్లో పాతిన చాటింపు పలకలు చూసి నేర్చుకున్నాను. పత్రంలో కష్టమైన అక్షరాలు కొన్ని దాటేశాను. అసలు సంగతి దాటలేదు.

నాలుగో నెల, తొమ్మిది

రాజధాని నుంచి మనిషి వచ్చాడు. పేరు తొమోసుయే. ప్రాసాదం కట్టించే కచేరీలో చిన్న ఉద్యోగి. వయసు నాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువేమో. చెప్పులు తెగిపోయి, కాళ్ళు బొబ్బలెక్కి వచ్చాడు. మా అక్క అకోమె నీళ్ళిస్తే రెండు చేతులతో పట్టుకుని తాగాడు. దొరల మనుషులు అలా తాగరు.

ఎప్పుడో కాలిపోయి, ఇన్నాళ్ళూ గడ్డి మొలిచి ఉన్న పెద్ద ప్రాసాదాన్ని చక్రవర్తి మళ్ళీ కట్టిస్తున్నాడట. కొలువు మంటపానికి కప్పు హినోకి బెరడుతోనే వేయాలి. ఆరో నెలకల్లా బెరడు కావాలన్నాడు.

మామ తల ఎత్తకుండానే, "ఏడో నెల దాటాక రండయ్యా," అన్నాడు.

"అంత ఆలస్యం ఎందుకు?"

"రసం దిగాలి. చలికాలంలో అయితే పైబెరడు ఒక్కటే ఊడి వస్తుంది. ఎర్రటి లోపొర చెట్టుకే ఉండిపోతుంది. ఆ పొర ఉంటే చెట్టు పదేళ్ళలో మళ్ళీ బెరడు కడుతుంది. ఇప్పుడు లాగితే పొర కూడా ఊడి వస్తుంది. చెట్టు పోతుంది."

తొమోసుయే కోప్పడలేదు. తల గీరుకున్నాడు. "నాకివి తెలీవు పెద్దాయనా. అయితే ఇంకో కొండ ఏదైనా చూసుకుంటాను," అని లేచాడు.

అతను లేచాడు. తెగిన చెప్పులే వేసుకుంటున్నాడు.

"అక్కర్లేదు. మేమిస్తాం," అన్నాను నేను.

మామ అప్పుడు తల ఎత్తాడు.

"ఎవడ్రా మేము?"

"కొండ మనకిచ్చింది ఎవరు మామా? ఆయన ఇంటి కప్పుకి మన దగ్గర బెరడు లేదంటామా? దొర అడిగితే నోరు మూసుకుని ఇచ్చాం కదా ఇన్నేళ్ళూ!"

"దొర కూడా వేసవిలో అడగలేదురా, ఎదవా."

అకోమె పక్కనుంచి, "నీ చక్రవర్తి కొత్త ఇంట్లోకి నిన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాడనుకున్నావా?" అంది. నవ్వింది. తొమోసుయే కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

నేను నవ్వలేదు. జీవితంలో మొదటిసారి అడిగి ఇప్పించుకోవడం కాకుండా, ఇవ్వడానికి మా దగ్గర ఒకటి ఉంది. అది మీకెవరికీ పట్టదా?

నాలుగో నెల, పన్నెండు

మామ తను ఎక్కనన్నాడు. ఊళ్ళో కుర్రాళ్ళు ఎక్కుతామన్నారు. దక్షిణపు వైపు చెట్లు మాత్రమే ముట్టుకోవాలన్నాడు. "ఉత్తరపు వైపుకి వెళ్ళాలంటే నన్ను పాతిపెట్టాక వెళ్ళండి." సరే. దక్షిణపు వైపే చాలు.

నాలుగో నెల, పదహారు

మొదలుపెట్టాం. బాగానే వస్తోంది. మామది భయం. ముసలితనం.

నాలుగో నెల, పదిహేడు

ఒకచోట తెల్ల చెక్క తేలింది. అరచేయంత. మట్టి మెత్తి వచ్చాను.

నాలుగో నెల, ఇరవై

మట్టి చాలట్లేదు.

ఐదో నెల, మూడు

కిటుకు కనిపెట్టాను. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, కొయ్యబద్దని లోతుగా దూర్చకుండా, పైపైన లేపుతూ తాడు మీద పైకి పోవాలి. ఇవాళ ఒక చెట్టు మొదలు నుంచి కొమ్మల దాకా ఎర్రగా నిలబడింది. కింద నుంచి చూస్తే అప్పుడే స్నానం చేసి వచ్చిన మనిషిలా ఉంది. మామని పిలిచి చూపిద్దామనుకున్నాను. పిలవలేదు. రేపు అన్నీ ఇలాగే వస్తే అప్పుడు పిలుస్తాను.

ఐదో నెల, నాలుగు

రాలేదు.

ఐదో నెల, పదిహేను

వాన. వానలోనూ ఒలిచాం. తడి చెట్టు మీద కాళ్ళు జారుతున్నాయి. బెరడు లాగితే చప్పుడు వేరేగా వస్తోంది. చలికాలంలో చర్రుమని పొడిగా వచ్చే చప్పుడు కాదు. తడిబట్ట చింపినట్టు. ఇంటికొచ్చినా చెవుల్లోంచి పోవడం లేదు.

మామ ఇవాళ దక్షిణపు వైపు వచ్చాడు. ఒక చెట్టు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తిట్టు మామా. ఒక్కసారి తిట్టు, నేనూ నాలుగు అంటాను, ఇద్దరికీ తేలికవుతుంది. తిట్టకుండా వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో సాయంత్రం దాకా ఇంకో రెండు చెట్లు ఒలిచాను.

చెట్లు గట్టివి. తట్టుకుంటాయి.

ఆరో నెల, ఎనిమిది

రాజధాని నుంచి ఇవాళే తిరిగొచ్చాను. నిద్రపోయేముందు ఇదంతా రాయాలి.

మోపులు వీపుల మీద వేసుకుని ఓయె కనుమ దిగి వెళ్ళాం. ఊళ్ళోని కుర్రాళ్ళంతా వచ్చారు. దారంతా పాటలు పాడుకున్నాం. బెరడు ఉచినొలో దింపమన్నారు. పెద్ద ప్రాసాదం కట్టేది అక్కడే.

అక్కడ గడ్డి ఉంది.

నడుమెత్తు గడ్డి. అందులో కంజుపిట్టలు. అక్కడక్కడ మేకులు కొట్టి తాళ్ళు లాగి ఉన్నాయి. ఇది గుమ్మం, ఇది మెట్లు, ఇది మంటపం అని. ఒక తాడు మీద ఎవరో బట్టలు ఆరేసుకున్నారు.

తొమోసుయే పరుగెత్తుకుంటూ వచ్చాడు. మమ్మల్ని చూసి ఎంత సంతోషపడ్డాడో! మోపుల్ని ఒక్కొక్కటీ తడిమి చూశాడు.

"స్తంభాలేవి?" అన్నాను.

"రావాలి. పడమటి రాష్ట్రాల నుంచి. అక్కడ ఇంకా మానులు కొట్టాలి."

"ఇంకా కొట్టలేదా?"

"పన్ను వసూలయ్యాక కొడతారు. వసూలు కావట్లేదు."

"స్తంభాలు లేకుండా కప్పెక్కడ వేస్తావయ్యా? నీ నెత్తి మీదా?"

"అరవకు హికోషిరో, జనం చూస్తున్నారు."

"చూడనీ! చక్రవర్తి కూడా చూడనీ! ఆరో నెలకి కావాలని ఆయన అన్నాడా లేదా? అది చెప్పు!"

అతను అటూ ఇటూ చూశాడు. గడ్డిలో కూలబడి మెల్లగా చెప్పాడు. "బెరడు తెమ్మన్నారు. ఎప్పటికని ఎవరూ అనలేదు. మా కచేరీలో అందరూ ఒకళ్ళని మించి ఒకళ్ళు తొందరపడుతున్నారు. ఒకడు ఏడాదిలో పునాది అంటాడు, ఇంకొకడు ఆరు నెలల్లో అంటాడు. నేను ఆరో నెలకి కప్పుకి బెరడు తెస్తానన్నాను. మా ఇంట్లో నాలుగు తరాల నుంచి ఏ పనీ లేని ఉద్యోగులం. ఇన్నాళ్ళకి ఒక పని వచ్చింది. చేసి చూపించాలనుకున్నాను."

నేను అతన్ని కొట్టాలని చెయ్యెత్తాను. నిజంగా ఎత్తాను. అతను తప్పుకోలేదు. అప్పుడు, అతను ఆ రోజు మా వాకిట్లో చెప్పులు వేసుకుంటూ వెళ్ళిపోబోవడం గుర్తొచ్చింది. ఆపింది నేను.

చెయ్యి దించాను. మోపులు దించాం. కప్పడానికి అక్కడ ఒక చాప కూడా లేదు. తొమోసుయే తన పైఅంగీ విప్పి ఒక మోపు మీద కప్పాడు. ఒక మోపుకే సరిపోయింది.

ఏడో నెల, ఒకటి

రాయడానికి ఏమీ లేదు.

తొమ్మిదో నెల, పద్నాలుగు

మామ గడ్డి పేని, తెల్లబడ్డ చోటల్లా చెట్లకి చుడుతున్నాడు. ఇవాళ నేనూ వెళ్ళాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. తాడు ఒక కొస నా చేతికిచ్చాడు. చీకటి పడేలోపు ఆరు చెట్లకి చుట్టాం.

"బతుకుతాయా?" అన్నాను.

"నన్నెందుకు అడుగుతావు? వాటినడుగు."

ఐదు నెలల తర్వాత నాతో ఆడిన మొదటి మాట.

కెన్ము రెండో సంవత్సరం, మూడో నెల, ముప్పై

దక్షిణపు వైపు సగం చెట్లకి తలలు ఎర్రబడ్డాయి. ఆకు ముడితే రాలుతోంది. మిగతావి పచ్చగానే ఉన్నాయి. మిగతావి పచ్చగానే ఉన్నాయి.

ఎనిమిదో నెల

తూర్పున సైనికులు మళ్ళీ లేచారట. వాళ్ళని అణచడానికి వెళ్ళిన చక్రవర్తి సేనాపతే తిరిగి రానంటున్నాడట. ఊళ్ళో వాళ్ళు నా ముఖం చూస్తున్నారు, ఆజ్ఞాపత్రం చదివిన వాణ్ణి కదా అని. చక్రవర్తిది తాత్కాలికమైన ఇబ్బంది అని చెప్పాను. మొదటిసారి ఏలుతున్నాడు, తప్పులుంటాయి. దొరలు నూరేళ్ళు తప్పులు చేస్తే ఓర్చుకున్నారుగా, ఈయనకి మూడేళ్ళు ఓర్చుకోలేరా?

గట్టిగానే అన్నాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ ఔననలేదు.

కెన్ము మూడో సంవత్సరం, మొదటి నెల

సేనాపతి చక్రవర్తి మీదికే తిరగబడ్డాడట. రాజధాని తగలబడిందట. చక్రవర్తి కొండ మీది గుళ్ళో తలదాచుకున్నాడట. పారిపోయి వస్తున్న వాళ్ళని అడిగాను, ఉచినొలో బెరడు మోపులు ఉండాలి, చూశారా అని. సైనికులు చలి కాచుకున్నారట. బాగా మండిందట.

తొమోసుయే గురించి అడిగాను. ఆ పేరు ఎవరికీ తెలియదు.

ఐదో నెల

నడుమ ఒకసారి చక్రవర్తి గెలిచాడు. సేనాపతి పడమటికి పారిపోయాడు. ఏటి పేరు కూడా మార్చారు. నేను కొత్త పేరు రాద్దామనుకునేలోపు సేనాపతి మళ్ళీ వచ్చాడు. ఈసారి అంతా అయిపోయింది. గెలిచిన వాళ్ళు పాత పేరే వాడుతున్నారు. ఏ పేరు రాస్తే ఎవడు మెడ కోస్తాడో తెలియదు. ఇక నెల మాత్రమే రాస్తాను.

ఆరో నెల, ఐదు

కొత్త దొర మనిషి వచ్చాడు. పేరు కగెహిరా. ఈ కొత్త దొర, నాన్నని కొట్టించిన దొరకి అన్న కొడుకు. తోపు వాళ్ళకి దఖలైందట. చక్రవర్తి ఇచ్చిన పత్రాలు చెల్లవట. అది అనుకున్నదే.

అనుకోనిది ఇది. గెలిస్తే దేవుడి గుడికి కొత్త కప్పు వేయిస్తానని దొర మొక్కుకున్నాడట. ఈ నెలలోనే బెరడు కావాలన్నాడు. ఉత్తరపు వైపు చెట్లు బాగున్నాయి, అవి ఒలవమన్నాడు.

మామ చేతులు జోడించాడు. "దొరా, రెండు నెలలు ఆగండి. రసం మీదున్నాయి. ఎండల్లో ఈ కొండ బెరడు ఇవ్వదు."

"ఇస్తుంది," అన్నాడు కగెహిరా. అరవలేదు. తీరిగ్గా అన్నాడు. "రెండేళ్ళ కింద ఇదే ఎండల్లో, నాలుగో నెలా ఐదో నెలా ఇచ్చింది. చక్రవర్తి కచేరీకి మోపులు మోసుకెళ్ళారు. పాటలు పాడుకుంటూ పోయారని దారిలో ఊళ్ళవాళ్ళు కూడా చెప్పారు. అబద్ధమా?"

మామ జోడించిన చేతులు దించాడు.

"ఒకసారి ఇచ్చారంటే అది ఆనవాయితీ. ఆయనకిచ్చింది మా దొరకి ఇవ్వరా? ఇకనుంచి ఏటా ఎండల్లో ఇవ్వాలి. కాదంటే, ఆనవాయితీ కాదని రుజువు చూపించండి. పదో తారీఖు ఇదే చోట వింటాను."

ఊరు ఊరంతా నా వైపు తిరిగింది.

ఈ దేశంలో ఇంతే. చెరువు నీళ్ళు కానీ, కొండ గడ్డి కానీ, పండక్కి పంపే చేప కానీ, ఒకసారి చేస్తే అదే చట్టం. మా తాతలు ఎన్నడూ ఇవ్వనిదాన్ని, ఎవడూ అడగని రోజుల్లో, ఇంటికొచ్చిన వాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపి మరీ ఇచ్చాను. ఉత్తరపు వైపు పోతే ఇక ఊళ్ళో ఏముంటుంది? అకోమె పిల్లలు ఏం ఎక్కుతారు, ఏం తింటారు?

ఆరో నెల, ఏడు

కత్తి పట్టుకుని కగెహిరా బసకి వెళ్ళాలనిపించింది. వెళ్ళి? వాడు పోతే ఇంకొకడు. ఆనవాయితీ పోదు.

ఆరో నెల, ఎనిమిది

మధ్యాహ్నం వాగు దగ్గర మామనీ అక్కనీ కూర్చోబెట్టి చెప్పాను.

"ఇచ్చింది ఆనవాయితీ అవుతుంది. దొంగిలించింది అవదు. ఏ కచేరీలో అయినా ఇంతే."

"ఎవరు దొంగిలించారు?" అంది అకోమె.

"నేను. పత్రం చెల్లదని వాళ్ళే అంటున్నారు. చెల్లకపోతే ఆ రోజుల్లో కూడా తోపు దొరదే. నేను ఊరిని అడక్కుండా, పొరుగూళ్ళ పనికిమాలినవాళ్ళని వెంటేసుకుని బెరడు దొంగిలించి రాజధానికి మోశాను. ఊరు ఇవ్వలేదు. ఊరు ఇవ్వకపోతే ఆనవాయితీ లేదు."

"నీకు మతి పోయింది. దొంగలకి ఏం చేస్తారో తెలుసా?"

"ఊళ్ళోంచి వెళ్ళగొడతారు. చెట్లనైతే చంపరు కదా."

"అంటే..." అకోమె ఆగింది. ఆమె ఎప్పుడూ ఆగదు. "అంటే అందరి ముందు నిలబడి, చక్రవర్తి పత్రం ఉత్త కాగితం అని నువ్వు చెప్పాలి. నువ్వు! ఆ పత్రాన్ని నేల మీద పెట్టనివ్వకుండా నెత్తిన పెట్టుకు తిరిగినవాడివి!"

అదే కదా. రెండు రోజులుగా నన్ను తొలిచింది అదే. వెళ్ళగొట్టడం కాదు. ఆ మూడేళ్ళు జరగలేదని నేనే చెప్పాలి. కొండ ఏ రోజూ మాది కాదని చెప్పాలి. నాన్న నడుం ఊరికే విరిగిందని చెప్పాలి.

మామ వాగులోకి చూస్తూనే, "వాడు నమ్మడు. సాక్షి కావాలి," అన్నాడు.

"నువ్వే మామా."

"ఊఁ."

అంతే. లేచి, మోకాళ్ళు దులుపుకుని వెళ్ళిపోయాడు. అకోమె ఏడవలేదు. "ఎప్పుడూ ఇంతే, ఎవరినీ అడక్కుండానే ఇచ్చేస్తావు," అని ఒక గులకరాయి నా మీదికి విసిరింది. తగిలింది.

ఆరో నెల, పది

కనుమ మీద కూర్చుని రాస్తున్నాను. ఎండ మండిపోతోంది. మూటలో అకోమె కట్టిచ్చిన కొర్రల ముద్దలున్నాయి.

పొద్దున కగెహిరా ముందు నిలబడి చెప్పాను. పత్రం చెల్లదు, చక్రవర్తి ఇచ్చింది ఇచ్చినట్టు కాదు, కొండ ఎప్పుడూ దొరవారిదే అన్నాను. మాట తడబడుతుందని భయపడ్డాను. తడబడలేదు. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. బెరడు దొంగిలించాను, ఊరికి తెలియదు అన్నాను.

కగెహిరా మూర్ఖుడేమీ కాదు. నవ్వాడు. "దొంగ అయితే రెండేళ్ళు ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావు ముసలాయనా? వీడు నీ మేనల్లుడటగా. ఇద్దరూ కలిసి నాకు కథ చెబుతున్నారా?"

మామ లేచాడు. లేస్తూనే అరవడం మొదలుపెట్టాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎవరూ వినలేదు.

"కథా? చెట్ల దగ్గరికి రా, కథ చూపిస్తాను! నేను పుట్టకముందు నుంచి ఉన్న చెట్లు దొరా! మా తాత ఒలిచాడు, మా నాన్న ఒలిచాడు, ఒక్క గాయం లేదు. వీడు వద్దంటే వినలేదు. రసం మీదున్న చెట్టుని పట్టుకుని చర్మం ఊడబెరికాడు! తెల్లగా ఎముక తేలినా ఆగలేదు. మట్టి పూసి దాచాడు. దాచి పక్క చెట్టు ఎక్కాడు! వానలో ఎక్కాడు! నేను వెళ్ళి నిలబడితే నా ముఖం చూసి కూడా ఆగలేదు. ఇప్పుడు దక్షిణపు వైపు పోతే ఆకు నెత్తిన రాలుతుంది, పోయి నిలబడి చూడు! మా చెల్లెలి కొడుకని కడుపులో పెట్టుకున్నాను, నాదే బుద్ధి తక్కువ. వీడు దొంగ! దొంగని ఊళ్ళోంచి తరిమెయ్యండి, నా కళ్ళకి కనిపించనివ్వకండి!"

మామకి నోట నురగ వచ్చింది. కగెహిరా మనుషులు నవ్వడం మానేశారు. ఊళ్ళో ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. చెట్లెక్కి కాయలు కాచిన మామ చేతుల్ని కగెహిరా కాసేపు చూశాడు. తర్వాత రాయించాడు. కెన్ము మొదటి సంవత్సరపు బెరడు దొంగసొత్తు, ఆనవాయితీ కాదు. ఉత్తరపు వైపు ఎనిమిదో నెలలో ఒలవాలి. దొంగ హికోషిరో మధ్యాహ్నానికి పొలిమేర దాటాలి, మళ్ళీ ఈ ఊళ్ళో అడుగు పెడితే కాళ్ళు నరకాలి.

దాటాను.

మామ ఏడవలేదు, నన్ను చూడలేదు. రెండేళ్ళుగా తిట్టమని మనసులో అడిగాను. తిట్టాడు. ఒక్కటీ దాచుకోకుండా, ఒక్కటీ మరిచిపోకుండా తిట్టాడు. చెప్పినదంతా నిజం, నేను దొంగననే ఒక్క మాట తప్ప.

ఆయన గొంతు వణికింది ఆ ఒక్క మాట దగ్గరే.